ఎర్రమన్ను కింద అమ్మ వేళ్లు

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన మరుసటి ఏడు, మా గోడకు ఎర్రమన్ను పూయనివ్వకుండా రెండు రోజులు అడ్డంగా కూర్చున్నాను. రేగొండ దగ్గరి పల్లె మాది. బతుకమ్మ పండుగ ముందు ఆడవాళ్లు గోడలకు చేత్తోనే మన్ను పూసేవారు. పొయ్యి పక్క గోడ మీద అమ్మ చివరిసారి పూసిన పూత అలాగే ఉండేది. ఆమె నాలుగు వేళ్లు తిరిగిన గీతలు వంపులు వంపులుగా ఆరిపోయి కనిపించేవి. రోజూ వాటిలో నా వేళ్లు పెట్టి చూసుకునేదాన్ని. నావి ఎప్పుడూ చాలేవి కావు.

గోడ పెచ్చులూడుతోందని, ఇంకో వానకు నిలవదని అవ్వ బతిమాలింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నానబెట్టిన మన్ను కుండలోనే ఉండిపోయింది.

మూడో రోజు మా మామ వచ్చాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. భూపాలపల్లి అడవిలో రాక్షసిబొగ్గు జాడ కోసం నేలను తొలిచే మిషను దగ్గర కూలి చేసేవాడు. అవ్వ నా మీద చెప్పిందంతా విన్నాడు. సంచిలోంచి నల్లటి రాయి తీసి, చాకు అంచుతో మెల్లగా తట్టాడు. అది రెండు పలకలుగా విడిపోయింది. లోపల ఒక ఆకు అచ్చు. నాలుకలా పొడుగ్గా, నడుమ ఈనెతో, సన్నటి నరాలతో సహా చెక్కుచెదరకుండా ఉంది. అలాంటి ఆకున్న చెట్టు మా అడవిలో ఎక్కడా లేదు.

మామ చదువుకున్నవాడు కాదు, అక్కడి సార్ల దగ్గర విన్నది చెప్పాడు. ఒకప్పుడు ఈ నేలంతా బురద అడవట. రాలిన ఆకులు, కూలిన మొద్దులు నీళ్లలో మునిగి, గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా కుప్పపడ్డాయట. ఏళ్ల తరబడి ఏరులు వాటి మీద ఒండ్రు, ఇసుక పరిచాయట. కోట్ల ఏళ్ల బరువుకు, భూమిలోని వేడికి ఆ కుప్ప బొగ్గయింది, మీది ఒండ్రు బిగుసుకుని రాయైంది.

"వాకిట్ల రాలిన ఆకు నెలకే మాయమైతది. గిది మన్ను గప్పినందుకే మిగిలింది బిడ్డా," అన్నాడు.

తర్వాత గోడ పెచ్చు ఊడిన చోట చాకుతో గీకాడు. ఎరుపు, నడుమ తెల్లటి సున్నం, మళ్లీ ఎరుపు. "గిది మీ అమ్మ పెండ్లయి అచ్చిన ఏడుది. గిది అరవైతొమ్మిది తెలంగాణ లొల్లిల బడులు బందైన ఏడుది. అన్నీ మా అక్క చేతియే. మీద పూస్తే ఏడికి పోయినయి?" అన్నాడు. ఏ పొర ఏ ఏడుదో ఆయనకూ తెలియదని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.

కుండలో చెయ్యి నేనే పెట్టాను. అమ్మ గీతల్లో నా వేళ్లు ఆనించి, అవి నిండేదాకా పూశాను. ఏడుస్తూనే పూశాను. ఆ తర్వాత పెళ్లయ్యేదాకా ఏటా నేనే పూశాను.

ఆ గోడ పడగొట్టిన నాడు అమ్మ గీతలున్న చోటి నుంచి అరచేయంత పెళ్ల ఒకటి తెచ్చుకున్నాను. పొరలు విప్పి చూద్దామని మనవరాలు అడుగుతుంది. నాకూ ఆశే, కానీ విప్పను. అమ్మ మీద బెంగ పుట్టినప్పుడు దాని మీద చెయ్యి వేసుకుంటాను. ఇప్పుడు నా వేళ్లు అమ్మ వేళ్లంత అయ్యాయి. పెట్టి చూసుకుందామంటే గీతలు పైన లేవు. లోపల ఉన్నాయి.