గంటలో హైదరాబాదు చేరే పూలజడ

కడియపులంకలో పూలజడ అంటే బుల్లియ్యే కుట్టాలి. ముప్పై అయిదేళ్ళుగా అతని పంతం ఒక్కటే. పెళ్ళికూతురు పీటల మీద కూర్చునేటప్పుడు మల్లెలు మొగ్గలుగా ఉండాలి, తాళి కట్టాకే విచ్చుకోవాలి. విచ్చిన పూలతో జడ పెట్టడమంటే అతని దృష్టిలో చుట్టాలకు పాచిపోయిన అన్నం వడ్డించినంత తప్పు. ఈ ఒక్క విషయంలో మనిషి ఒట్టి మొండిఘటం.

భీమవరం సూర్యరాజుగారి అమ్మాయి కీర్తిప్రియ పెళ్ళి మే నెలలో, హైదరాబాదులో. "మా అమ్మ పెళ్ళికి జడ కుట్టింది మీరే కదండీ, నాకూ మీరే కుట్టాలి" అని ఫోను చేసి, విమానం టిక్కెట్టు కూడా పంపింది. అప్పట్నుంచి బుల్లియ్య అరుగు మీద కూర్చుని, కనబడిన ప్రతివాళ్ళకూ ఒకటే లెక్క చెప్పాడు.

"రోడ్డు మీదైతే నాలుగొందల కిలోమీటర్ల పైమాటేనండి. గాల్లో మూడొందల అరవై. గంటంటే గంటేనండి!"

పెళ్ళినాడు పొద్దున్నే జడ కుట్టి తడిగుడ్డలో చుట్టాడు. భార్య ఏసమ్మ ఐసు పెట్టె తెచ్చి ముందు పెట్టింది.

"గంటకి ఐసెందుకే? రావులపాలెం బస్సులో వెళ్ళినంతసేపు. దిగగానే వాళ్ళ ఫ్రిజ్జులో పెట్టేస్తాను."

"పట్టుకెళ్తే నీ సొమ్మేం పోయింది?" అంది ఏసమ్మ. అతను వింటేగా!

కారులో మధురపూడి విమానాశ్రయానికి వెళ్ళడానికే గంట పట్టింది. అక్కడ ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టారు. బుల్లియ్య పది నిమిషాలకోసారి గుడ్డ తడిమి చూసుకుంటూనే ఉన్నాడు. విమానం మాత్రం మాట తప్పలేదు, సరిగ్గా గంటలోనే దించింది. కానీ గాలిలో ఉండగానే మల్లెలు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. విమానమంతా ఘుమఘుమలాడిపోయింది. "అబ్బ, ఎంత బాగుందండీ!" అని పక్కసీటావిడ మురిసిపోతుంటే బుల్లియ్యకు ఏడుపొక్కటే తక్కువ.

శంషాబాదు నుంచి ట్రాఫిక్కులో మరో రెండు గంటలు. కల్యాణమండపం చేరేసరికి రేకులు వాడి అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఇక ఫ్రిజ్జు ఎక్కడుందని అడగనే లేదు. కీర్తిప్రియ అద్దం ముందు కూర్చుని ఉంది. ఎందుకైనా మంచిదని బ్యూటీపార్లరు అమ్మాయి తెచ్చిన ప్లాస్టిక్ పూలజడ బల్ల మీద ఉంది.

"అమ్మాయిగారూ, విచ్చిపోయాయండి. నా లెక్కే తప్పింది. ఆ జడే పెట్టుకోండి" అన్నాడు. అన్నేళ్ళ మనిషి, సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

కీర్తిప్రియ గుడ్డ విప్పి వాసన చూసింది. అతనికి వీపు తిప్పి కూర్చుంది.

"కట్టండి. ముహూర్తం దగ్గరపడుతోంది."

మండపం దాకా నడుస్తుంటే పూలు ఒక్కొక్కటే రాలాయి. ఎవరి కంటా పడకూడదని బుల్లియ్య వెనకాలే నడుం వంచి, ఒక్కోటీ ఏరి కండువాలో వేసుకుంటూ వెళ్ళాడు. త్వరగా రావాలమ్మా అని పురోహితుడు తొందరపెడుతూనే ఉన్నాడు. కీర్తిప్రియ వెనక్కి తిరిగి చూడలేదు. కానీ పువ్వు రాలినప్పుడల్లా ఆగింది. బుల్లియ్య వంగి తీసుకున్నాకే ఇంకో అడుగు వేసింది.