అడగకుండా కోసిన పొడపత్రి

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మనుషుల మీద అంతకంటే తక్కువ. ఈ రెండో గుణం వల్లే, మిగిలిన రెండు తీగల్లో ఒకదాన్ని చేజేతులా పోగొట్టాను. తెలివితక్కువ పనే. ముందే ఒప్పుకుంటే చదివేవాళ్లు కాస్త జాలిపడతారని ఆశ.

నాందేడ్‌లో చిన్న టిష్యూ కల్చర్ ల్యాబ్ నడుపుతాను. మొక్క కణుపు ముక్కలను శుభ్రం చేసి, జెల్లీ లాంటి ఆహారం పోసిన సీసాల్లో నాటి, ఒక్క మొక్క నుంచి వందలు తీయడం నా పని. ఇన్నేళ్లుగా కల్చర్ చేస్తున్నా నాకు మాత్రం అది అబ్బలేదని మా ఆవిడ అంటుంది.

తెలంగాణ సరిహద్దు దగ్గర మర్ఖేల్ అనే ఊళ్లో లింగవ్వ అనే ముసలామె నాటుమందు ఇస్తుంది. ఆమె పెరట్లో వాళ్ల అత్త పెట్టిన పొడపత్రి తీగలు నాలుగైదు ఉన్నాయి. ఆ ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. నాచేత ఆకు నమిలించి చాయ్ ఇచ్చింది. చక్కెర వెయ్యలేదని అనుమానించాను. వేసే ఇచ్చిందట.

ఆ తీగలకు వేరుకుళ్లు పట్టింది. "ఇవి పోతే నా చేతి మందు పోయినట్టే సారూ" అంది. పిల్లమొక్కలు చేసి తెచ్చిస్తానని మాటిచ్చి, అక్కడికక్కడే కత్తెర తీసి నాలుగు కొమ్మలు కోశాను.

లింగవ్వ మొహం మాడిపోయింది. మందుచెట్టును కోయాలంటే ముందురోజు పొద్దుగూకే వేళ పసుపునీళ్లు పోసి, దారం కట్టి, రేపు వస్తామని చెప్పాలట.

"అడగకుంట తెంపితివి. గిప్పుడు గది నీ మాట ఎట్ల ఇంటది?" అంది.

తొమ్మిదో రోజున సీసాలన్నీ ఒకేసారి గోధుమ రంగుకు తిరిగాయి. బూజు లేదు. పక్క సీసాల్లో అదే ఆహారం మీద, అదే కత్తితో కోసి నాటిన వేరే మొక్కలు పచ్చగా ఉన్నాయి.

మా ల్యాబ్‌లో పనిచేసే సునందది కుండల్‌వాడి అనే ఊరు. లింగవ్వకు దూరపు చుట్టం. వేర్లు రాలేదు గాని, నాకు వేరే ఆలోచనలు వచ్చాయి.

"సార్, మొక్కకు గూడ ఒక అర్జీ పెట్టుకోండ్రి. మంజూరైతది" అని నవ్వింది. సీసాలు పాడుచేసింది ఈమేనన్న అనుమానం గట్టిపడింది.

రెండోసారి కూడా అడగకుండానే కోసుకొచ్చాను. గది తాళంచెవి నా దగ్గరే పెట్టుకుని, తలుపు మీద సంతకం చేసిన చీటీ అంటించాను. తొమ్మిదో రోజున చీటీ చెక్కుచెదరలేదు. సీసాలు మాత్రం మళ్లీ గోధుమ రంగుకు తిరిగాయి.

అప్పటికి పెరట్లో రెండే తీగలు మిగిలాయి. ఒకటి పచ్చగా, ఒకటి వాడిపోతూ. బుద్ధి ఉన్నవాడెవడైనా రెంటినీ అడిగి కోస్తాడు. నేను పరీక్ష పెట్టాను. లింగవ్వకు వాడిపోతున్నదాన్నే చూపించి, దీనికి ఒక్కదానికే దారం కట్టు అన్నాను. ఆమె పసుపునీళ్లు పోసి కట్టింది. మర్నాడు రెండూ కోశాను.

ఆ పది రోజులూ సునందకు సెలవిచ్చాను. సీసాల మీద అంకెలే రాశాను. ఏ అంకె ఏ తీగదో రాసిన కాగితం నా జేబులోనే ఉంది.

తొమ్మిదో రోజున సగం సీసాలు గోధుమరంగు, సగం పచ్చ. కాగితం తీసి చూశాను. పచ్చగా ఉన్నవన్నీ దారం కట్టిన తీగవే. బాగున్న తీగ నుంచి ఒక్కటీ దక్కలేదు. ఆ వారమే పెరట్లో దాని మొదలు కూడా ఎండిపోయింది.

తెలిసినవాళ్లను అడిగాను. తలొక కారణం చెప్పారు. ఏదీ ఆ కాగితానికి పొసగలేదు. ఇప్పటికీ నాకు తెలియదు. సునందకు మాత్రం క్షమాపణ చెప్పాను. "అర్జీ అందింది సార్" అంది.

వానలు పడ్డాక మొక్కలు తీసుకోవడానికి లింగవ్వ ఉదయం బస్సులో వచ్చింది. షెడ్డులో వరసగా ఉన్న పిల్లతీగలను వంగి ఒక్కొక్కటే చూసింది. తర్వాత, అలవాటు కొద్దీ కాబోలు, ఒక లేత ఆకు వైపు చెయ్యి చాపింది.

"అవ్వా, అడిగినవా?" అన్నాను.

చెయ్యి గాల్లోనే ఆగింది. సునంద నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఆ ఒక్క ఆకు కోసం లింగవ్వ సాయంత్రం బస్సు వదులుకుని మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దుగూకే వేళ పసుపునీళ్లు నేనే కలిపిచ్చాను.