హాజరు వేసి వదిలేసి వచ్చిన మొగుడు

కట్టుకున్నవాణ్ణి పరాయి ఊళ్ళో మరచిపోయి వచ్చిన ఆడవాళ్ళు నాకంటే ముందు కూడా ఉండి ఉంటారు. కానీ ఆయన బస్సులోనే ఉన్నాడని హాజరు వేసి, ఈల ఊది, బస్సు కదిలించిన ఘనత మాత్రం నా ఒక్కదానిదే. ఎట్లా జరిగిందో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, తప్పు నాదే.

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, మాఘమాసంలో ఒక శనివారం. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై అప్పటికి ఏడు నెలల పదకొండు రోజులు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలను వరుసల్లో నిలబెట్టిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయితే ఊరుకుంటాయా? వంటింట్లో గిన్నెలను ఎత్తు ప్రకారం నిలబెట్టాను. కరివేపాకు రెబ్బలకు ఆకులు లెక్కబెట్టాను. పొద్దున లేచి పది గంటల దాకా ఇల్లంతా తిరిగేదాన్ని, పది నుంచి మళ్ళీ మొదలు. మా ఆయన భరించలేక, మహబూబ్‌నగర్‌లో మా కాలనీ విశ్రాంత ఉద్యోగుల సంఘంలో నన్ను చేర్పించాడు. ఆ సంఘానికి అంతవరకు మోకాళ్ళ నొప్పులు తప్ప వేరే కష్టాలు లేవు.

నెల తిరగకముందే ఆలంపూర్ విహారయాత్ర నా చేతికొచ్చింది. ముప్పై ఒక్కమందికి పసుపు టోపీలు కుట్టించాను. మెడలో ఈల వేసుకున్నాను. ఎక్కడ పారేసుకుంటాడోనని మా ఆయన ఫోను నా సంచిలో పెట్టుకున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటి పెట్టాను: లెక్క నడుస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు, ఎక్కకూడదు, దిగకూడదు.

"మేడం, తుమ్ముడన్న తుమ్మొచ్చునా?" అని అడిగాడు సంఘం అధ్యక్షుడు లింగయ్య సారు.

"లెక్క అయినంక తుమ్ముర్రి."

బస్సు చివర భోజనాల అట్టపెట్టెలు, వాటి పక్కన ఒక్క మనిషికే చోటు. ఆ ముప్పై ఒకటో సీటు మా ఆయనకిచ్చాను. ఆయనకు షుగరు ఉంది. ఒంటి గంటకల్లా మాత్ర వేసుకొని తినాలి. అందుకని పెట్టెల దగ్గరే ఉంటాడని నా ముందుచూపు.

జోగులాంబ దర్శనమైంది, నవబ్రహ్మ ఆలయాలు చూశాం. పన్నెండుంబావుకు బస్సు దగ్గర ఈల ఊదాను. ముందు నుంచి వెనక్కి పసుపు టోపీలు లెక్కబెట్టాను. ముప్పై ఒకటి! చివరి టోపీ ముఖం మీదికి జారి గురక పెడుతోంది. "ఈ మనిషికి ఎక్కడైనా నిద్రే" అని విసుక్కొని, బస్సు కదలమన్నాను.

ఆలంపూర్ చౌరస్తా దాటాక వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. నా కళ్ళు గడియారం మీద ఉన్నాయి. అప్పటికే మేం నాలుగు నిమిషాలు ఆలస్యం.

"జర బస్సు ఆపుతరా..."

"బీచుపల్లి దాక ఆపేది లేదు! చిన్నపిల్లలా మీరు? అరగంట ఓర్చుకోర్రి!"

చెయ్యి దిగిపోయింది. బడిలోనైనా అంత త్వరగా దిగేది కాదు. నాకెంత తృప్తి కలిగిందో!

బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున బస్సు ఆగింది. ఒంటి గంటా ఇరవై. మాత్ర, చపాతీల పొట్లం పట్టుకొని గబగబా వెనక్కి వెళ్ళాను. టోపీ ఎత్తాను.

టోపీ కింద బుర్రమీసాలు! మా ఆయనకు పెళ్ళినాటి నుంచి మీసమే లేదు.

"ఎవరయ్యా నువ్వు?"

"నా పేరు బాలయ్య, అమ్మా. కల్వకుర్తి. మా సంఘపోళ్ళతోని వచ్చిన. రెండు బస్సులు పక్కపక్కకే ఉండె, మాదే అనుకొని ఎక్కిన. సీట్ల టోపీ ఉంటే ఎండకు మొఖం మీద ఏసుకొని పండుకున్న."

"అరగంట కిందనే చెప్పొద్దా?"

"చెప్పబోతే మీరు ఓర్చుకొమ్మంటిరి. ఓర్చుకున్న." ఆయన తల దించుకున్నాడు. "కండక్టర్‌గ ముప్పై ఏండ్లు చేసిన అమ్మా, గింత గట్టి బందోబస్తు ఎన్నడు చూడలే."

బస్సంతా పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మాత్ర నా చేతిలో, ఫోను నా సంచిలో, మనిషి ఆలంపూర్‌లో! ఆకలికి కళ్ళు తిరిగి ఎక్కడైనా పడిపోతే?

బాలయ్య తన భార్యకు ఫోను కలిపి, స్పీకరు పెట్టాడు.

"ఏడున్నవయ్యా? చెప్పులు విడిచినకాడల్లా ఎతుకుతున్నం!"

"బీచుపల్లిల ఉన్న. ఆడ పసుపు టోపీ లేని సారు ఎవరన్న కనవడ్డడా?"

"మీసం లేని సారా? మాతోని కూసుండి తింటుండు. గిదే మూడో బచ్చం."

"వద్దమ్మా, వద్దు! తీపి పెట్టొద్దు!" అని ఫోనులోకి అరిచాను. నా గొంతు విని ఆయన నాలుగో బొబ్బట్టు కూడా నోట్లో వేసుకున్నాడట. తర్వాత ఆవిడే చెప్పింది.

బస్సు వెనక్కి తిప్పించాను. ఆ గంటసేపు సీట్లో ఒక్క నిమిషం కూర్చోలేదు. డ్రైవరు వెనక నిలబడి, ఒక్కో కిలోమీటరు రాయిని చూపులతో నెట్టుకుంటూ వచ్చాను. రెండున్నరకు ఆలంపూర్ చేరేసరికి, మా ఆయన కల్వకుర్తి వాళ్ళ జంపఖానా మీద బాసింపట్టు వేసుకొని కబుర్లు చెబుతున్నాడు. ముందు మాత్ర మింగించాను. తర్వాత కోపం తెచ్చుకున్నాను.

"బస్సు పోతుంటే ఉరికి రావొద్దా? పిలవొద్దా?"

"ఉరకుడు దేనికి? నేను తలుపు కాడనే ఉంటి. మెట్టు ఎక్కబోతే నువ్వే చెయ్యి అడ్డం పెడితివి."

"నేనా?"

"నా దిక్కు చూడనన్న చూడకుండ అంటివి: 'లెక్క నడుస్తాంది, దూరం జరుగు.' జరిగిన. లెక్క అయినంక ఎక్కుదమనుకునేలోపు తలుపు ఏసిర్రు."

లింగయ్య సారు అప్పుడు మనసారా తుమ్మాడు. ఎవరి అనుమతీ అడగలేదు.

అక్కడే, రెండు సంఘాల వాళ్ళ ఎదుట కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఇక మీదట ముఖం చూడకుండా ఎవరికీ హాజరు వేయనని, నా మొగుడికైతే గడ్డం పట్టి ఇటు తిప్పి, అటు తిప్పి చూసి మరీ వేస్తానని, ఏ యాత్రకు పోయినా ఆయనను నా పక్క సీట్లోనే కూర్చోబెట్టుకుంటానని. సంఘం మినిట్స్ పుస్తకంలో ఆ ప్రమాణం ఇప్పటికీ ఉంది. చివరి అంశం మీద మాత్రం ఒక సభ్యుడు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాడు. సంతకం మా ఆయనది.