పీపాకి వాసెన కట్టిన వేళ

ఒక పెద్దమనిషి తెల్ల గడ్డాన్నీ, మా మేనేజరు లేత పసుపు చొక్కానీ, ఒక షెడ్డు పైకప్పునీ, నా భవిష్యత్తునీ ఒకే ఒక్క క్షణంలో ఎర్రగా తడిపేసిన ఘనత నాది. దానికి నేను వాడినవి ఒక గుడ్డముక్క, అయిదు బారల తాడు, మా అమ్మ నేర్పిన విద్య. అంతే. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోండి. నా వంతు ఏడుపు చాలావరకు అప్పుడే ఏడ్చేశాను. మిగిలింది మధ్యమధ్యలో ఏడుస్తూ చెబుతాను.

అప్పట్లో నేను శాక్రమెంటోలో పనిచేసేదాన్ని. ఆరేళ్ల వీసాలో అయిదో ఏడు మొదలు కాబోతోంది. గ్రీన్ కార్డ్ ఫైల్ చేయమని మా మేనేజర్ లిండా కంపెనీకి ఒక్క మాట చెప్పాలి. చెప్పకపోతే ఆరో ఏడు ముగిసేసరికి నేను పెట్టే బేడా సర్దుకోవాలి. ఆవిడ గది ముందు నుంచి నేను రోజుకి పదిసార్లు మంచినీళ్ల కోసం వెళ్లేదాన్ని. అన్ని నీళ్లు ఒంటె కూడా తాగదు. పదకొండోసారి ఆవిడే జాలిపడి అంది.

“హార్వెస్ట్ అయిపోనీ పద్మా, తీరిగ్గా మాట్లాడదాం. అసలు ఈ శనివారం నువ్వూ కిరణ్ మా తోటకి రండి.”

లిండా భర్త వాల్ట్‌కి లేక్ కౌంటీ కొండల మీద ద్రాక్షతోట ఉంది. సొంతంగా వైన్ చేస్తాడు. నేనేమో వైన్ వాసన కూడా చూడని మనిషిని. అయినా వెళ్లకుండా ఎలా ఉంటాను? గ్రీన్ కార్డ్ కోసం ఆవిడ నన్ను పులిబోనులోకి రమ్మన్నా టిఫిన్ కట్టుకుని వెళ్లేదాన్ని.

కారు నడిపింది కిరణ్. నా టీమ్‌లోనే ఉంటాడు, కరీంనగర్ అబ్బాయి, నన్ను అక్కా అంటాడు. కొండ ఎక్కుతున్నంతసేపూ ఒకటే మాట.

“అక్కా, నువ్వు ఏం ముట్టకు. పండ్లు తెంపుడు, ఫొటో దిగుడు, ఇంటికొచ్చుడు. గంతే!”

“నేనేం చిన్నపిల్లనా కిరణ్?”

“చిన్నపిల్లవైతే భయం లేకుండె అక్కా. నువ్వు హెల్ప్ చేస్త అంటవు, గదే భయం.”

ఆ పిల్లాడి నోట్లో చక్కెర పోయాలో, ప్లాస్టర్ వేయాలో నాకు ఈరోజుకీ తెలియదు.

పైకి చేరేసరికి చెవులు దిబ్బళ్లు పడ్డాయి. ఎర్రటి మట్టి, అందులో ఎక్కడ చూసినా నల్లగా మెరిసే గాజురాళ్లు. వాల్ట్ ఒక రాయి తీసి నా చేతిలో పెట్టాడు. ఒకప్పుడు అగ్నిపర్వతం కక్కిన నేల ఇది అన్నాడు. ఇందులో సత్తువ తక్కువ, నీళ్లు నిలవవు, అందుకని తీగ వేళ్లు లోతుకి పోయి బతుకుతాయట. ఇంత ఎత్తులో ఎండ చురుక్కుమంటుంది కాబట్టి పండు చిన్నది, తోలు మందం.

“అదే కదా కావాల్సింది!” అన్నాను ఉత్సాహంగా. “ఆవకాయకి మేమూ అలాంటి కాయే ఏరుకుంటాం.”

కిరణ్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను చూడనట్టు నటించాను.

లిండాకి నా ఆవకాయ అంటే ప్రాణం. క్రిస్మస్‌కి ఒక సీసా ఇస్తే బ్రెడ్డుకి రాసుకుని తిని కన్నీళ్లు పెట్టుకుని మళ్లీ అడిగింది. అందుకే భర్తతో గొప్పగా చెప్పింది, “పద్మకి ఊరబెట్టడం బాగా తెలుసు వాల్ట్. వాళ్ల కుటుంబంలోనే ఉంది.”

ఇంక నన్ను ఎవరు ఆపగలరు? తడి తగిలితే బూజు, గాలి తగిలితే బూజు, జాడీ మూతికి గుడ్డ వేసి వాసెన కట్టాలి, మూడో రోజు తిరగ కలపాలి అని ఒక పూర్తి ఉపన్యాసం ఇచ్చాను. పాపం వాల్ట్ మర్యాదస్తుడు. మొత్తం విని, నన్ను షెడ్డులోకి తీసుకెళ్లాడు. ఓ మూల విడిగా ఒక ఓక్ పీపా అడ్డంగా పడుకోబెట్టి ఉంది.

“కొండ చిట్టచివర నేనే నాటిన తీగలు. ఏడేళ్లు ఎదురుచూశాను. ఇది వాటి మొదటి పంట. ఈ ఒక్క పీపాయే వచ్చింది. ఇంకా పులుస్తోంది” అన్నాడు, మనవరాలిని చూపించినంత ముద్దుగా.

నేను చూసింది వేరు. పీపా పైన రంధ్రం. దాని మీద రబ్బరు బిరడా ఊరికే ఆనించి ఉంది. లోపలి నుంచి బుస్సుమని చప్పుడు. చుట్టూ సన్నటి ఈగలు. ఏడేళ్ల కష్టం, ఇంత అశ్రద్ధా! నా గుండె తరుక్కుపోయింది. జాడీని ఇలా వదిలేసి ఉంటే మా అమ్మ ఆ పూట అన్నం పెట్టేది కాదు.

అందరూ భోజనానికి వెళ్లారు. చేతులు కడుక్కుని వస్తానని నేను ఆగాను. నిజంగానే కడుక్కున్నాను, తుడుచుకున్నాను కూడా. తడి చేత్తో ముట్టకూడదు కదా! తర్వాత బిరడాని లోపలికి నొక్కాను. కదలలేదు. పక్కనే రబ్బరు సుత్తి కనిపించింది. నాలుగు దెబ్బలు వేశాను. బుస్సు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నా చెవులకి ఎంత హాయిగా ఉందో! పైన నాలుగు మడతల గుడ్డ పరిచి, పీపా నడుము చుట్టూ తాడు మూడు చుట్లు తిప్పి, ముడి మీద ముడి వేసి, మా అమ్మ చూస్తే మెచ్చుకునేలా వాసెన కట్టాను. గ్రీన్ కార్డ్ ఇంక జేబులో పడ్డట్టే అనుకుని వెళ్లి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

భోజనం గంటన్నర సాగింది. ఎండ షెడ్డు రేకుల మీద పెళపెళలాడుతోంది. అప్పుడు లిండా లేచి, “రండి, ఆ కొత్త పీపాలోంచి తలా ఒక గుక్క పోస్తాం. నేనో మాట చెప్పాలి” అంది.

షెడ్డులోకి అడుగుపెట్టగానే వాల్ట్ ఆగిపోయాడు.

“ఇది ఎవరు కట్టారు?”

“నేనే!” అని చెయ్యి ఎత్తాను, క్లాసులో ఫస్ట్ వచ్చినట్టు.

“అక్కా, చెయ్యి దించు” అన్నాడు కిరణ్ మెల్లగా.

“దీని కింద బిరడా... గ్యాస్ పోయేలా వదులుగానే ఉందిగా?” వాల్ట్ గొంతు సన్నబడింది.

“అబ్బే! సుత్తితో కొట్టాను. చీమ కూడా దూరదు!”

వాల్ట్ మొహంలో రక్తం లేదు. “అందరూ వెనక్కి జరగండి” అంటూ బాంబు దగ్గరకి వెళ్లినట్టు వెళ్లాడు. మా అమ్మ ముడి అంత సులువుగా ఊడుతుందా? చాకు తెప్పించాడు. ఆఖరి తాడు తెగింది.

ఢాం!

బిరడా పైకప్పు దూలానికి తగిలింది. దాని వెనకే నురగ, నురగ వెనకే ఏడేళ్ల ఎదురుచూపు, నిట్టనిలువుగా లేచి గొడుగులా విచ్చుకుని మా అందరి మీదా పడింది. వాల్ట్ గడ్డం నుంచి చుక్కలు కారుతున్నాయి. లిండా కళ్లద్దాలు తీసి తుడుచుకుందామని చూసింది, చొక్కాలో పొడిగా ఉన్న జాగా దొరకలేదు. పీపాలో పావు వంతు గోడల మీద ఉంది. పైకప్పు నుంచి టప్ టప్‌మని చుక్కలు.

“సారీ” అన్నాను. “మా ఇంట్లో ఇలాగే కడతాం.”

వాల్ట్ నెమ్మదిగా తల పైకెత్తి చూశాడు. “మీ ఇంటికి పైకప్పు ఉందా?”

దిగుతున్న దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఏడేళ్ల పంట. ఆ మనిషి మొహం. నా ఉద్యోగం, నా వీసా, నాలుగేళ్లుగా కట్టుకున్న నా బతుకు. ఒక మూతతో అన్నీ పోయాయి. కిరణ్ ఓదార్చడానికి తనకి చేతనైనంత ప్రయత్నం చేశాడు.

“ఏడవకు అక్కా. పోయేటప్పుడు రైస్ కుక్కర్ నాకిచ్చి పో.”

సోమవారం లిండా గదిలోకి పిలిచింది. నిలబడే ఉన్నాను.

“ఎందుకు చేశావు? అదొక్కటి చెప్పు.”

“ఈగలు పడుతున్నాయి. ఏడేళ్ల కష్టమన్నారు. పాడైపోతుందేమోనని...”

లిండా అంది, “శనివారం అందరినీ షెడ్డులోకి ఎందుకు తీసుకెళ్లానో తెలుసా? నీ గ్రీన్ కార్డ్ కాగితాలు శుక్రవారమే లాయర్‌కి పంపేశాను. ఆ మొదటి గుక్క నీ కోసమే పోయించాలనుకున్నాను.”

నాకు కుర్చీ కావలసి వచ్చింది. “మరి... వెనక్కి తీసుకున్నారా?”

“వాల్ట్ తీసుకోమనే అన్నాడు. ఆదివారం రోజంతా నిచ్చెన మీద పైకప్పు తోమాక మనసు మార్చుకున్నాడు. ఆ అమ్మాయి ఈ దేశంలోనే ఉండాలి, ప్రతి ఏడూ వచ్చి ఈ మరక తోమాలి అన్నాడు.”

అప్పటినుంచి ప్రతి హార్వెస్ట్‌కీ వెళ్లి నిచ్చెన ఎక్కి తోముతున్నాను. మరక పోలేదు. ఇప్పుడు ఆ పీపా మీద ఒక చెక్క పలక వేలాడుతోంది. వాల్ట్ అడిగి మరీ కిరణ్ చేత రాయించుకున్నాడు. ఆ కొండల్లో ఉన్న ఒకే ఒక్క తెలుగు బోర్డు: “అక్కా, ముట్టకు.”

మిగిలిన వైన్ సీసాల్లోకి దిగాక వాల్ట్ నాకూ ఒకటి ఇచ్చాడు. “కార్డ్ చేతికొచ్చిన రోజు తెరువు. ఈ నేలలో పండింది పాతికేళ్లు ఆగుతుంది” అన్నాడు. పాపం, మన దేశం వాళ్ల గ్రీన్ కార్డ్ క్యూ ఎంత పొడవో ఆయనకి తెలియదు. వైన్ ఆగుతుంది, నేనే ఆగుతానో లేదో!

కాబట్టి పాఠకులారా, మా వంటింటి అలమర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో బుసకొట్టే దేనికీ మూత బిగించను, గుడ్డ వేయను, తాడు కట్టను, సుత్తి ముట్టను. ఆ సీసా మాత్రం నా ఆవకాయ జాడీ పక్కనే ఉంది. బిరడా కాస్త పైకి లేచినట్టుందేమోనని అప్పుడప్పుడు బొటనవేలు ఆనించి చూస్తుంటాను. ఒట్టు, ఆనించడమే. నొక్కడం లేదు.