గోడ అవతలి పుట్టిల్లు

గల్ఫ్‌లో, ముఐథర్ అనే పేటలో మేమున్న విల్లా బయటి నుంచి చూస్తే ఒకటే ఇల్లు. లోపలికి వెళ్తే అన్నీ వేరువేరు కాపురాలు. మధ్యమధ్య గోడలు లేపి పోర్షన్లు చేసి అద్దెకిచ్చారు. గేటు పక్కనున్న చిన్న పోర్షన్ మాది. వాకిలి దాటితే అవతలి పోర్షన్లో కాకినాడ వైపు నుంచి వచ్చిన కొత్త జంట ఉండేది. ఆ అబ్బాయి మెట్రో రైలు పనిలో ఇంజనీరు. ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళేది. మందుల చదువు, ఆఖరి సంవత్సరం. మాది జగిత్యాల దిక్కు. మా ఆయన కంపెనీ బస్సు నడిపేవాడు. తెల్లవారకముందే బర్వా అల్ బరాహాకు వెళ్ళి, అక్కడి క్యాంపుల్లో ఉండే మనవాళ్ళను ఎక్కించుకుని స్టేడియం పని దగ్గర దింపేవాడు. నేను ఇంట్లో ఉండి, ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకునేదాన్ని.

ప్రపంచ ఫుట్‌బాల్ ఆటల కోసం ఊరంతా తవ్విపోస్తున్న కాలం అది. నిన్న వెళ్ళిన దారి ఇవాళ ఉండేది కాదు. డాబా ఎక్కితే ఎటు చూసినా క్రేన్లే. బట్టలు ఆరేయడానికని వెళ్ళి, తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. అంతంత ఇనుప దూలాలు గాలిలో తేలుతూ వెళ్ళి, పెట్టిన చోట కూర్చునేవి. ఇదంతా మా ఆయన బస్సులో నిద్రపోతూ వెళ్ళే మనుషులే కడుతున్నారా అని ఎన్నిసార్లు చూసినా నమ్మబుద్ధి అయ్యేది కాదు.

అలాంటి ఒక పొద్దున ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళకుండా వచ్చి మా వంటింటి గడప మీద కూర్చుంది.

"ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అన్నాను.

"నీళ్ళోసుకున్నాను పిన్నీ," అంది. పరీక్ష తప్పానని చెప్పినట్టు చెప్పింది.

సంతోషపడబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. సంగతి అప్పటికే ఫోన్లలో అటూ ఇటూ తిరిగింది. అత్తగారేమో, "చదువుదేముందమ్మా, మానెయ్యి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, ఏడో నెల రాగానే బయలుదేరు," అన్నారట. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆడపడుచు, "ఇప్పుడే పిల్లలేంటి, తీయించేసుకో. చదువు పోతే మళ్ళీ రాదు," అందట. ఆడపడుచు అన్నదాంట్లో ఒక మాట నిజమే. ఆ అబ్బాయి పని ఆటల కోసం వచ్చిన పని. రైలు పరుగెత్తడం మొదలైతే వాళ్ళ కాపురం ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. ఒక్క ఏడాది ఆగితే ఆ చదువు అక్కడే తెగిపోతుంది. పుట్టింటి సంగతి చూస్తే, తండ్రికి పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నాడు. తల్లి ఆయనను వదిలి గుమ్మం దాటలేదు.

"ఇద్దరూ నా మంచికే చెప్తున్నారు పిన్నీ. ఒకళ్ళు పుస్తకాలు తీసి పారెయ్యమంటున్నారు, ఒకళ్ళు బిడ్డని. ఏది తీసినా నాలోంచే కదా తియ్యాలి," అంది.

నేను చదివింది ఐదో తరగతి. "ముందుగాల ఇంత తిను," అని పచ్చిపులుసు పోసి అన్నం పెట్టాను. మా పచ్చిపులుసు చూసి, "ఇదేంటి పిన్నీ, చారు కాచడం మర్చిపోయారా?" అని ఎప్పుడూ వెక్కిరించే పిల్ల, ఆ రోజు రెండోసారి అడిగి పోయించుకుంది.

మరుసటి వారం స్కానింగుకు తోడు రమ్మంది. భర్తకు నేల కింద సొరంగంలో డ్యూటీ, అక్కడ ఫోను కూడా పలకదు. నేను వెళ్ళాను. ఆ చీకటి గదిలో ఆమె పడుకుంది. నర్సు పొట్ట మీద ఏదో పూసి, ఒక చిన్న పరికరం ఆనించింది. ఒక్కసారిగా గదంతా చప్పుడు. కుట్టుమిషను జోరుగా తొక్కితే సూది పరుగెత్తినట్టు టకటకటక. ఏదో మిషను చెడిపోయిందనుకున్నాను.

"గదేంది బిడ్డా?"

"గుండె పిన్నీ. నాది కాదు."

నేనూ పిల్లల్ని కన్నాను. వాళ్ళు కడుపులో తిరిగినప్పుడు చెయ్యి పెట్టి చూసుకున్నాను. కానీ లోపల ఇంత హడావిడి జరుగుతుందని నాకెవరూ వినిపించలేదు. తెర మీద చిక్కుడుగింజంత మనిషి. ఇంకా పేరు లేదు, మొహం లేదు, ఎవరు వద్దన్నారో ఎవరు కావాలన్నారో తెలియదు, తన పని తాను చేసుకుపోతోంది. రెండు చేతులూ వాటంతటవే దండం పెట్టాయి. నర్సు నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో ఆ పిల్ల కిటికీలోంచి క్రేన్లు చూస్తూ, "మానను పిన్నీ. దీన్నీ మానను, దాన్నీ మానను," అంది.

ఆ సాయంత్రం నా ముందే ఆడపడుచుకు ఫోను చేసి అదే చెప్పింది. అవతలి నుంచి ఆడపడుచు, "నాకప్పుడు అలా అనొచ్చని కూడా తెలీదే. ఉద్యోగమా, కడుపా అన్నారు. రెండూ కావాలని అడగాలని తట్టలేదు," అంది. ఆ రోజు నుంచి రోజూ ఫోను చేసి, తిన్నావా, చదివావా అని అడిగింది ఆవిడే.

అత్తగారిని ఒప్పించడం మాత్రం అంత తేలిక కాలేదు. ఆవిడ చెడ్డమనిషి కాదు, పద్ధతి మనిషి. ఏడో నెల దగ్గరపడుతుంటే వీడియోలో కూర్చుని, "పుట్టింటివాళ్ళు వచ్చి, చలిమిడి పెట్టి, పిల్లని తీసుకెళ్ళకుండా మా వంశంలో తొలి కాన్పు జరగలేదమ్మా," అన్నారు.

నాకు ఎక్కడి నుంచి ధైర్యమొచ్చిందో, ఆ పిల్ల పక్కకు జరిగి ఫోనులో మొహం పెట్టాను. "వదినా, నేను తీస్కపోత. వాకిలి అవతల మా ఇల్లున్నది. గదే పుట్టిల్లనుకోరాదు."

ఆవిడ నన్ను తేరిపార చూశారు. "మీకు చలిమిడి చెయ్యడం వచ్చాండీ?"

"వస్తది," అన్నాను. రాదు. మా వైపు పండ్లూ పూలూ చీరా పెట్టి బిడ్డను తెచ్చుకుంటాం. చలిమిడి సంగతి నాకేం తెలుసు? బియ్యం నానబోసి తడిపిండి కొట్టాలని తెలియక, సూపర్‌మార్కెట్లో దొరికే పొడిపిండి తెచ్చాను. బెల్లం పాకం ముదరబెట్టి అందులో పిండి పోశాను. చల్లారేసరికి గరిటె అందులోనే నిలబడిపోయింది. మా ఆయన వేలితో కొట్టి చూసి, "దీన్ని స్టేడియంకాడికి తీస్కపోత, పిల్లర్ కింద పోస్తరు," అన్నాడు. వీడియోలో అత్తగారు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పోనీలెండి వదినగారూ, పిల్ల కాపురం గట్టిగా ఉంటుంది," అన్నారు. వదినగారూ అన్నారు. అక్కడితో సగం పని అయింది.

మిగతా సగం దిక్కు దగ్గర వచ్చింది. మగవాళ్ళకు సెలవు శుక్రవారమే. "మీ ఇల్లు మావాళ్ళ గుమ్మానికి ఏ వైపండీ?" అని అడిగారు. మసీదులో నమాజుకు ఎటు నిలబడతారో చూసి, పడమర అని చెప్పాను. "శుక్రవారం పడమరకి వారశూల కదండీ, నేరుగా వెళ్ళకూడదు. ముందు తూర్పుకి నడిచి, చుట్టు తిరిగి వెళ్ళండి."

అలా ఒక శుక్రవారం పొద్దున, వాకిలి దాటితే సరిపోయే ప్రయాణానికి వీధంతా చుట్టాం. ముందు చలిమిడి పళ్ళెంతో మా ఆయన, వెనక బొట్టు పెట్టుకుని ఆ పిల్ల, పక్కన నేను, చివర పెట్టెతో పుస్తకాల సంచితో ఆ అబ్బాయి. విల్లా కాపలా కాసే బంగ్లాదేశ్ ఆయన మేం వెనక గేటులోంచి వెళ్ళి ముందు గేటులోంచి రావడం చూసి, "కహాఁ జా రహే హో?" అని ఎక్కడికెళ్తున్నామో అడిగాడు.

"మైకే," అంది ఆ పిల్ల. పుట్టింటికి అని.

ఆయన ఆ పోర్షన్ వైపూ ఈ పోర్షన్ వైపూ చూసి, "బహుత్ దూర్ హై," చాలా దూరమే, అన్నాడు. మా ఆయన నవ్వాపుకోలేక పళ్ళెం జారవిడిచినంత పని చేశాడు. నేను మాత్రం గడప దగ్గర ఆ పిల్ల కుడికాలు లోపల పెట్టినప్పుడు కళ్ళు తుడుచుకున్నాను. ఆటకు చేసినట్టు చేశాం కానీ, ఆ అడుగు ఆటలా లేదు.

మా ఇంట్లో ఆమె మంచం మీద పుస్తకాలు పరుచుకుని చదివేది. కడుపు మీద పుస్తకం ఆనిస్తే లోపలి నుంచి తన్ను తగిలి పుస్తకం కదిలేది. "పేజీ తిప్పమంటోంది పిన్నీ," అనేది. నేను ఉల్లిపాయలు కోస్తూ అదే చూస్తూ కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి సంచి కింద పడేసింది. "రేపట్నుంచి వెళ్ళలేను పిన్నీ."

కాలేజీలో కుర్చీలకు చెయ్యి ఆనించే చోటే రాసుకునే పలక బిగించి ఉంటుంది. నడుం సన్నగా ఉన్నవాళ్ళు దూరి కూర్చోవాలి. ఆమె పొట్ట పట్టడం లేదు. రోజూ పక్కకు తిరిగి, మెడ మెలితిప్పి రాస్తోందట. ఆ రోజు రాస్తుండగా నడుం పట్టేసి లేవలేకపోయింది. పరీక్షలూ ఆ కుర్చీల్లోనే.

ఆమె కాళ్ళకు నూనె రాస్తున్నాను. ఆమె కిటికీలోంచి కనబడే క్రేను వైపు చూస్తూ పడుకుంది. తర్వాత మెల్లగా, "ఇంత ఊరు కడుతున్నారు. ఒక బల్ల వెయ్యలేరా పిన్నీ?" అంది.

"అడిగినవా?"

"అడిగితే పొమ్మంటారేమో."

"పొమ్మన్నంక పోదువు. అడుగకముందే ఎందుకు పోతవ్?"

మరునాడు ఆమెతో నేనూ వెళ్ళాను. పాలరాతి నేల, చల్లటి గాలి, ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాల్లో ఆడపిల్లలు నవ్వుకుంటూ నడుస్తున్నారు. ఇంతమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఒక్కచోట కనబడటం నాకు ఆ క్రేన్లకంటే పెద్ద వింత. వాళ్ళ పెద్దమేడం ఆ దేశపు మనిషే. మమ్మల్ని కూర్చోబెట్టి గహ్వా అని వాళ్ళ కాఫీ పోసింది. ఈ పిల్ల ఇంగ్లీషులో చెప్తూ మధ్యలో తలవంచుకుంది. అప్పుడు మేడం లేచి మమ్మల్ని వెంటబెట్టుకుని తరగతిగదికి వెళ్ళి, ఆ కుర్చీలో తానే కూర్చుంది. ఆవిడా కొంచెం భారీమనిషి. పలకకూ పొట్టకూ మధ్య చెయ్యి పెట్టి చూసుకుంది. లేవడానికి మా ఇద్దరి చేతులూ పట్టుకోవలసి వచ్చింది.

తర్వాత ఆవిడ అన్నది ఈ పిల్ల నాకు తెలుగులో చెప్పింది. "ఏటా కొందరు పిల్లలు మధ్యలో మానేస్తున్నారు. పెళ్ళయింది, ఇష్టం పోయిందనుకున్నాం. ఒక్కళ్ళూ వచ్చి అడగలేదు. మేమూ ఎందుకని అడగలేదు."

వెళ్ళేముందు ఆవిడ నా వైపు తిరిగి ఏదో అడిగింది. "ఈ అమ్మాయికి మీరేమవుతారు అంటున్నారు పిన్నీ."

"పుట్టిల్లని చెప్పు," అన్నాను.

బల్ల వచ్చింది. కానీ బిడ్డ తొందరపడింది. ఆడపిల్ల, నెలకు ముందే, గుప్పెడంత. పరీక్షలు పురిటి రోజుల్లో పడ్డాయి. అత్తగారు ఏమంటారోనని మేమందరం ఫోను ముందు కూర్చున్నాం. ఆవిడ మనవరాలినే చూస్తూ ఉండిపోయారు. "ఇంతదాకా తీసుకొచ్చాక ఇప్పుడేం ఆగుతుందిలే. వెళ్ళి రాయి. చెవుల్లో దూది మాత్రం తీశావంటే ఊరుకోను," అన్నారు.

బాలింత చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, సాంబ్రాణి పొగ పట్టి కాలేజీకి తీసుకెళ్ళాను. ఆ తలగుడ్డ చూసి అందరూ ఏమనుకుంటారోనని దారంతా బెంగపడ్డాను. లోపలికి వెళ్తే అక్కడున్న పిల్లలందరి తలలూ కప్పే ఉన్నాయి. మా బాలింత వాళ్ళలో కలిసిపోయింది. దూది దగ్గరే చిక్కు వచ్చింది. పరీక్షకు కాపలా కాసే ఆమె, చెవుల్లో ఏదో ఉందని ఆపేసింది. ఫోను మాటలు వినే యంత్రమనుకుంది. మా పిల్ల దూది తీసి చేతిలో పెట్టింది. ఆమె దాన్ని వెలుగుకు పెట్టి, విప్పి, వాసన చూసింది. అంతలో పెద్దమేడం వచ్చి ఒక్కసారి చూసి నవ్వి, కొత్త దూది తెప్పించి తన చేత్తోనే చెవుల్లో పెట్టింది. ఆవిడ తల్లి కూడా పురిటప్పుడు గాలి తగలనిచ్చేది కాదట.

హాలు పక్కనే సామాన్లు పెట్టుకునే చిన్నగది ఖాళీ చేసి, రెండు కుర్చీలు వేసి నాకిచ్చారు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తలుపుకున్న అద్దంలోంచి హాలు కనబడేది. వరసలు వరసలుగా ఆ బిగింపు కుర్చీలు, వాటి మధ్య ఒక్క వెడల్పాటి బల్ల. దాని ముందు నా బిడ్డ వంగి రాస్తోంది. నాకు ఆ రాత అర్థం కాదు. ఆ చెయ్యి ఆగకుండా కదలడం చూస్తుంటే, స్కానింగులో విన్న చప్పుడు మళ్ళీ చెవిలో మోగింది.

మధ్యలో వచ్చి పాలిచ్చింది. తలలో జవాబులు చెదరకుండా కళ్ళు మూసుకుంది. లేచి వెళ్ళేటప్పుడు ఆమె వేలి సిరా పసిదాని బుగ్గకు అంటింది. నేను తుడవలేదు. ఆ పరీక్షలన్నీ ఆమె గట్టెక్కింది. అప్పటికి మాత్రం ఆ సంగతి మాకింకా తెలియదు.

చివరి రోజు ఆమె హాల్లో ఉండగా, తలుపు మెల్లగా తోసుకుని ఇంకో అమ్మాయి తొంగిచూసింది. సూడాన్ పిల్లలా ఉంది. అబాయా ముందు కొద్దిగా ఎత్తుగా కనబడుతోంది. అరబ్బీలో ఏదో అడిగింది. ఈ గది అందరికీనా అని అడిగిందేమో. నాకు ఆ భాష రాదు. రెండో కుర్చీ మీదున్న పాల ఫ్లాస్కూ సంచీ తీసి కింద పెట్టాను.

"దా బిడ్డా, కూసో," అన్నాను.

వచ్చి కూర్చుంది. ఒక వేలితో పసిదాని పాదం తాకి చూసింది. తర్వాత అద్దంలోంచి ఆ వెడల్పాటి బల్లను చూస్తూ ఉండిపోయింది.