కొండెక్కడానికి రెండో గేరుబాక్సు

విప్పి పెట్టిన వస్తువు కనబడితే నేను ఊరుకోలేను. మిక్సీ కానీ, ఫ్యాను కానీ, లోపల ఏముందో వంగి చూడాల్సిందే. "నీకెందుకే" అనే మాట పుట్టింట్లో విన్నాను, అత్తింట్లోనూ విన్నాను. చెవులకు అలవాటైపోయింది. మా పాత పికప్పు బండికి రెండో గేరుబాక్సు బిగించినప్పుడు మాత్రం ఆ గుణం కాస్త అక్కరకొచ్చింది.

మాది భావనపాడు. మా ఆయన బండి నడుపుతాడు, నేను చేపలు అమ్ముతాను. వారానికొకసారి కవళ్ళు, కానగంతలు లాంటి చేపలను ఐసు పెట్టెల్లో సర్దుకుని, సాలూరు దాటి, ఘాటీ ఎక్కి, కొండ మీద సంతకు వెళతాం. అక్కడ సముద్రపు చేప అంటే పడి చస్తారు. బండికేమో వయసైపోయింది. పల్లంలో బాగానే పరిగెత్తేది కానీ, ఘాటీలో నిండు బరువుతో మొదటి గేరులో కూడా మలుపు దగ్గర ఆగిపోయేది. అప్పుడు నేను దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. బండి కదలగానే రాయి తీసుకుని వెనకాలే నడవాలి, ఆగితే మళ్ళీ పెట్టాలి. ఏడేళ్ళు అలాగే గడిచాయి.

ఒక వానాకాలంలో రాయి జారింది. బండి మూరెడు వెనక్కి వచ్చి నా పాదాన్ని రాసుకుంటూ ఆగింది. బొటనవేలి గోరు ఊడింది, అంతకు మించి ఏమీ కాలేదు. ఇంటికొచ్చాక మా ఆయన బండి అమ్మేస్తానన్నాడు. ఎవరి లారీకైనా డ్రైవరుగా పోతాడట. నాకు ఒళ్ళు మండింది. బండి పోతే సంత పోతుంది. సంతలో నాకంటూ ఏర్పడ్డ చోటు, నేను వచ్చేదాకా కొనకుండా ఆగే మనుషులు, అన్నీ పోతాయి. ఈయనకు నా వ్యాపారం మీద విసుగు పుట్టింది, ఊడిన గోరును వంకగా పెట్టుకున్నాడు అనుకున్నాను. వారం రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట, సాలూరులో మేస్త్రికి బండి చూపించమని. ఆ ఊళ్ళో లారీ విప్పి పెట్టని వీధి ఉండదు. మేం వెళ్ళిన షెడ్డు మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. బండి కిందికి దూరి చూసి ఇంజను బాగానే ఉందన్నాడు. పాత జీపులోంచి తీసిన చిన్న గేరుబాక్సు తన దగ్గరుందని, దాన్ని అసలు గేరుబాక్సు వెనక బిగిస్తే ఘాటీ ఎక్కుతుందని చెప్పాడు.

"ఇదే ఆకరు. ఎక్కకపోతే అమ్మకమే," అన్నాడు మా ఆయన.

నాలుగు రోజుల పని. వెనక చక్రాలకు పోయే పొడవాటి షాఫ్టును కోసి పొట్టి చేశారు. ఖాళీ అయిన చోట చిన్న బాక్సును ఇనుప పట్టీలతో చాసీకి బిగించారు. క్యాబినులో కొత్తగా ఒక పొట్టి లివరు వచ్చింది. ముందుకు తోస్తే బండి మామూలే, వెనక్కి లాగితే కొత్త బాక్సు అందుకుంటుంది.

బిగించక ముందు అది బల్ల మీద ఉన్నప్పుడు నేను వదల్లేదు. ఇటు తిప్పితే అటు ఏమవుతుందని అడిగాను. మేస్త్రి విసుక్కోకుండా రెండు కొసల మీదా సుద్దముక్కతో గీతలు గీసి, నన్నే తిప్పి చూసుకోమన్నాడు. దాని లివరు ముందుకు తోసినప్పుడు ఇటొక చుట్టు, అటొక చుట్టు. వెనక్కి లాగాక ఇటు రెండు చుట్లు తిప్పితే గానీ అటు ఒకటి కాలేదు. పదిసార్లు తిప్పి చూశాను, అంతే. మరి రెండో చుట్టు ఎక్కడికి పోయిందని అడిగాను.

"ఎక్కడికి పోతాదమ్మా, బలమైపోనాది," అన్నాడు. "పరుగు తగ్గించుకుంటే మోసీ సత్తువ పెరుగుతాది. నిండుబిందెట్టుకుని నువ్వు పరిగెడతావేటి?"

అర్థమయ్యేసరికి నాకు చిన్నపిల్లకున్నంత సంబరం వేసింది.

ఇసుక బస్తాలు వేసుకుని ఘాటీలో పరీక్షించాం. నత్తనడకే, కానీ ఎక్కడా ఆగలేదు. మొదటి వారం చేపలతోనూ ఎక్కింది. రెండో వారం కొండ దిగేటప్పుడు కొత్త బాక్సు మూలగడం మొదలుపెట్టింది. మా ఆయన మొహం చూస్తే బండిని అప్పుడే ఎవరికో అప్పగించేసినట్టుంది.

షెడ్డులో బాక్సు అడుగు బోల్టు విప్పితే తేనె రంగులో రావాల్సిన నూనె పాలు కలిపిన టీలా కారింది. నీళ్ళు చేరాయన్నాడు మేస్త్రి. ఏట్లో గానీ దిగారా అని అడిగాడు. బాక్సు బిగించాక చుక్క వాన కూడా లేదు. నూనె కారకుండా వేసే సీళ్ళన్నీ చూశాడు, ఎక్కడా లోపం లేదు. ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదంటూ తల గోక్కున్నాడు. నేను వేలు ముంచి వాసన చూశాను. కడుపు మండాల్సిన చోట నవ్వొచ్చింది.

"మావా, ఇది మా సేపల నీరే," అన్నాను మేస్త్రితో.

చేపల బండికి తొట్టి అడుగున కన్నం పెట్టించడం మా వాళ్ళ అలవాటు. ఐసు కరిగిన నీరు నిలిస్తే చేప పాడవుతుంది, అందుకని దారి పొడవునా కార్చుకుంటూ పోతాం. ఇన్నాళ్ళూ ఆ కన్నం కింద షాఫ్టు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు సరిగ్గా అక్కడే కొత్త బాక్సు కూర్చుంది, దాని నెత్తిన గాలి ఆడే చిన్న రంధ్రం ఉంది. మేస్త్రి చేతికి వచ్చేవి చింతపండు, సిమెంటు మోసే బండ్లు, కారే బండి ఆయనకు తెలియదు. మాకేమో ఈ కన్నం సంగతి ఒకరికి చెప్పాల్సిన విషయమని తోచనే లేదు. అంత సన్నని రంధ్రంలోంచి ఇన్ని నీళ్ళెలా దిగాయని అడిగాను. వేడెక్కిన బాక్సు మీద చల్లటి నీరు పడగానే లోపలి గాలి ముడుచుకుని పైనున్న నీటిని పీల్చేసుకుంటుందట.

పాత కన్నాన్ని వెల్డింగు చేసి మూసి, తొట్టి వెనక కొసన పైపు పెట్టారు. బాక్సు రంధ్రానికి రబ్బరు గొట్టం తగిలించి క్యాబిను వెనకాల ఎత్తుగా కట్టారు. బేరింగు మార్చి, లోపలంతా డీజిలుతో కడిగి, కొత్త నూనె పోశారు.

ఆ వారం నిండు బరువు. ప్రతి మలుపుకూ నా చెయ్యి తలుపు మీదికి పోయింది. దిగాల్సిన పని పడలేదు. బండి ఒకే మోతతో ఎక్కుతూ పోయింది. చివరి మలుపు దాటాక, ఇక అమ్మే మాట ఎత్తవు కదా అని దెప్పాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"బండి ఎక్కట్లేదని అమ్ముదుమన్నాననుకున్నావేటి? నువ్వు రాయట్టుకుని ఎనకాల వంగితే నాకు అద్దంలో అవుపడవు. ఏడేళ్ళూ పెతి మలుపుకాడా, నువ్వు సక్రం కిందున్నావో పక్కనున్నావో తెలీకుండానే కిలచ్ వొదిలీవోణ్ణి," అన్నాడు.

వారం రోజులు మాట్లాడకుండా ఈయన్ని ఏడిపించినందుకు సిగ్గేసింది, కళ్ళ నీళ్ళు ఆగలేదు. సంత వచ్చేదాకా ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.