చీమలింట్లో రొయ్యపిల్ల

చీమల చేత దొంగతనం ఒప్పించిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా నెహెమ్యా బాబాయి. పోలీసులకు కూడా చేతకాని పని. నమ్మకపోతే మానేయండి, నేను పక్కనే ఉన్నాను.

బాబాయి కొల్లేరు పక్కన జయకృష్ణగారి రొయ్యల చెరువుకు కాపలా. మేత వేసేదీ, గట్టు చూసేదీ ఆయనే. ఈ ఏడు రొయ్యపిల్ల వదిలిన వారానికే, పిల్ల ఎలా ఉందో చూసే చెక్ ట్రే పైకి లాగితే అది ఖాళీ. జయకృష్ణగారు ట్రే వంక కాదు, బాబాయి వంక చూశారు.

"పిల్లని ఎవరికి అమ్మావయ్యా?"

"నేనా అండీ? నేను అమ్మడమేంటండీ!"

ఇన్నేళ్ళలో ఆ చెరువు మీద బాబాయిని ఎవరూ అంత మాట అనలేదు. ఆదివారం చర్చికి కూడా వెళ్ళకుండా గట్టంతా వెదికాడు. తూము దగ్గర చీమల పుట్టను పారతో కదిపి, పెద్దగా కేకేశాడు.

"దొరికాయిరా! చీమలు ఎత్తుకుపోతున్నాయి!"

పరుగెత్తాను. మట్టిపెళ్ళ మీద, చీమల మధ్య, బియ్యపు నూకంత ప్రాణులు. వంగిన నడుము, పొడుగు మీసాలు. అచ్చం రొయ్యపిల్లలే! ఒక చీమైతే ఆగి, ఆ పిల్లల్లో ఒకదానికి నోటికి నోరు ఆనించి ఏదో తినిపిస్తోంది. కోతలు కోసే నాకే అది కోతలా అనిపించింది.

కబురందుకుని జయకృష్ణగారు వచ్చారు. నేను వీడియో తీసి, ఏలూరు కాలేజీలో నన్ను ఫస్టియర్లోనే సాగనంపిన జువాలజీ సువర్ణ మేడమ్‌కి పంపాను. ఆవిడ వెంటనే ఫోన్ చేశారు, స్పీకర్లో పెట్టాను.

"అది రొయ్య కాదు బాబూ, కీచురాయి జాతి. రెక్కలుండవు, కూయదు. చీమల వాసన ఒంటికి పట్టించుకుని, వాటి ఇంట్లోనే ఉండి, వాటి తిండే కాజేస్తుంది."

"ఇంట్లోనే ఉండి కాజేసేవాడు," అన్నారు జయకృష్ణగారు, బాబాయినే చూస్తూ. "విన్నావుగా? రేపట్నుంచి రావద్దు."

బాబాయి పార ఎత్తి పుట్టలో ఒక్క పోటు పొడిచాడు. గుబుక్కున నీళ్ళు ఉబికాయి. పుట్ట కింద పీత బొరియ! చెరువు నీళ్ళు దాంట్లోంచి మురుగు కాలువలోకి జారిపోతున్నాయి. ఆ నీళ్ళతో పాటే అసలైన రొయ్యపిల్లలు, గాజు పుల్లల్లా.

జయకృష్ణగారు ఆ బురదలోనే బాబాయి కాళ్ళు పట్టుకుని భోరుమన్నారని చింతలపూడి దాకా చెప్పి వచ్చాను. నిన్న బాబాయి ముందే మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన మేత సంచి మూతి కడుతూ, తలైనా ఎత్తలేదు.

"కాళ్ళు పట్టుకోలేదు. బొరియ పూడ్చమన్నారు. పూడ్చాను."